మిట్ట పొలాల్లో ట్రాక్టరు: తోలే తీరు, కాపాడుకునే తీరు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పేరుకి మూడు ఊర్లే గాని నేల తీరు ఒకటే. పాత చిత్తూరు జిల్లాలో పడమటి మండలాలని మనం పిలుచుకునే ఈ ప్రాంతం మైసూరు పీఠభూమి అంచున ఉంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. పక్కనే ఉన్న హార్స్‌లీ కొండ 1,200 మీటర్లు దాటుతుంది. ఎటు చూసినా గుట్ట, గుట్ట కింద మిట్ట, మిట్ట కింద వంక, వంకకి అడ్డంగా చెరువు, చెరువు కింద నాలుగు కయ్యలు. కోస్తాలో మాదిరి కనుచూపు మేర చదునైన పొలం మనకి లేదు. ఒక గెనిమ దాటితే మోకాలెత్తు దిగాలి, ఇంకో గెనిమ దాటితే నడుమెత్తు ఎక్కాలి.

ఈ నేలని తరాలుగా దున్నింది ఎద్దులు. మూడడుగుల ఎత్తుకి అటూ ఇటూగా ఉండే పుంగనూరు పశువు పుట్టిందీ ఈ గుట్టల నడుమనే. ఎద్దుకి ఒక గుణం ఉంది. బావి గట్టు దగ్గరికి వస్తే అదే ఆగుతుంది. తోలేవాడు కునుకు తీసినా, పరాకుగా ఉన్నా, ఎద్దు తన ప్రాణం కోసమైనా ఆగి తోలేవాడి ప్రాణం కాపాడుతుంది. ట్రాక్టరుకి ఆ గుణం లేదు. నలభై ఎద్దుల బలం ఉంటుంది గాని ఒక్క ఎద్దు తెలివి ఉండదు. ఆ తెలివి తోలేవాడే తెచ్చుకోవాలి. ఈ వ్యాసం దాని గురించే.

మన కాలేజీలో చదివే పడమటి మండలాల పిల్లల్లో చాలామంది సెలవులకి ఇంటికి పోగానే ట్రాక్టరు ఎక్కేవాళ్ళే. నాయనకి సాయం చేయడం మంచిదే. అయితే క్లాసులో బలం, భ్రమణం, గురుత్వ కేంద్రం అని చదివి పరీక్ష రాసే మనం, ట్రాక్టరు సీటులో కూర్చున్నప్పుడు అవే సూత్రాలు మన కింద పనిచేస్తున్నాయని ఎప్పుడన్నా తలుస్తున్నామా?

ట్రాక్టరు వచ్చిన వరస

మన దేశంలో ట్రాక్టర్ల తయారీ పాతదేమీ కాదు. 1959లో ఫరీదాబాదులో ఐషర్ వాళ్ళ మొదటి ట్రాక్టరు బయటికొచ్చింది. 1960 దశకం మొదట్లో మద్రాసులో టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ బండ్లు తయారు చేయసాగింది. దుర్గాపూరులోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపకల్పన చేసిన స్వరాజ్ ట్రాక్టరు 1974లో పంజాబు నుంచి వచ్చింది. ఇవాళ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ట్రాక్టర్లు తయారయ్యేది మన దేశంలోనే. తయారీ పెరిగింది, అప్పు దొరుకుతోంది, బండి ఇంటి ముందుకి వస్తోంది. తోలడం నేర్పే బడి మాత్రం రాలేదు. అన్నని చూసి తమ్ముడు, తమ్ముణ్ణి చూసి పక్కింటి పిల్లోడు నేర్చుకున్న విద్యే అంతా.

పశ్చిమ దేశాల్లో ఇదే అవసరానికి ఇంకో రకం బండి ఉంది. ఎలాంటి నేల మీదైనా పోయే చిన్న బండి, దాన్ని ఏటీవీ అంటారు. మోటారు సైకిలు హ్యాండిలు, బెలూన్ల మాదిరి లావుపాటి టైర్లు. మన దగ్గర విహార స్థలాల్లో డబ్బు తీసుకొని ఒక చుట్టు తిప్పే బండ్లు ఇవే. 1970లో హోండా కంపెనీ అమెరికాలో దీన్ని మూడు చక్రాలతో అమ్మకానికి పెట్టింది. చూడ్డానికి ఆటబొమ్మలా ఉండడంతో పిల్లలు కూడా ఎక్కారు. మలుపుల్లో, వాలుల్లో బోర్లా పడి చాలామంది చనిపోయారు. చివరికి 1988లో అక్కడి ప్రభుత్వంతో కోర్టు ద్వారా కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీలు కొత్త మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆపేసి నాలుగు చక్రాల వాటికి మళ్ళాయి.

మూడు చక్రాల బండి ప్రమాదమని అమెరికా వాళ్ళకి తెలిసింది సరే, మనకేమిటి సంబంధం అంటారా? ఉంది. మన ట్రాక్టరు కూడా ఒక రకంగా మూడు కాళ్ళ బండే.

నాలుగు చక్రాలు, మూడు కాళ్ళు

ఈసారి ఊరికి పోయినప్పుడు ట్రాక్టరు ముందు వంగి చూడండి. ముందు ఇరుసు బండికి గట్టిగా బిగించి ఉండదు. సరిగ్గా మధ్యలో ఒక పిన్ను మీద వేలాడుతూ, తక్కెడ కాడ మాదిరి అటూ ఇటూ ఊగుతుంది. ఒక ముందు చక్రం గుంటలో దిగినా రెండోది నేలని వదలకూడదని ఈ ఏర్పాటు. పొలంలో ఇది చాలా ఉపయోగం. కాని దీనివల్ల బండి పక్కకి ఒరిగేటప్పుడు ముందు చక్రాలు దాన్ని నిలబెట్టలేవు. బండిని నిలబెట్టే కాళ్ళు మూడే: వెనక చక్రాలు రెండు, ముందున్న ఆ పిన్ను ఒకటి. ఈ మూడింటినీ కలిపి గీత గీస్తే త్రిభుజం వస్తుంది. బండి బరువంతా ఒక బిందువులో ఉందనుకుంటే, ఆ బిందువు నుంచి నేలకి దించిన గీత ఈ త్రిభుజం లోపల పడినంతసేపు బండి నిలుస్తుంది. బయట పడిందా, బోర్లా పడుతుంది. ఇందులో అదృష్టం, దురదృష్టం ఏమీ లేదు.

గీతని త్రిభుజం బయటికి నెట్టేవి నాలుగు. ఒకటి, వాలు. గుట్ట పక్కన అడ్డంగా దున్నేటప్పుడు కింది వైపు చక్రం గుంటలో దిగినా, పై వైపు చక్రం రాయి ఎక్కినా ఒరుగు ఒక్కసారిగా పెరుగుతుంది. రెండు, ఎత్తు. కల్టివేటరునో, మందుకొట్టే డ్రమ్మునో పైకెత్తుకొని పోతే బరువు కేంద్రం కూడా పైకి పోతుంది. మూడు, మలుపులో వేగం. వేగం రెండింతలైతే బయటికి విసిరే బలం రెండింతలు కాదు, నాలుగింతలు. పది కిలోమీటర్ల వేగంతో సుఖంగా తిరిగిన మలుపే ఇరవైలో నాలుగింతల బలంతో తోస్తుంది. నాలుగు, వెనక చక్రాల మధ్య దూరం. చాలా ట్రాక్టర్లలో దీన్ని పెంచుకోవచ్చు. మిట్ట పొలాల్లో తిరిగే బండికి, చేసే పని ఒప్పుకున్నంత వరకు చక్రాలు వెడల్పుగా పెట్టించుకోవడం మేలు.

ఇక బావులు. రాయలసీమలో గట్టు లేని బావి లేని ఊరు తక్కువ. కొన్నిట్లో నీళ్ళు అడుగంటి ఏళ్ళయింది, చుట్టూ లొట్టపీచు చెట్లు, కంప పెరిగి నోరు కనబడదు. బావికైనా వంకకైనా ఒక్క సూత్రం గుర్తుంచుకోండి. గుంట ఎంత లోతో, అంచు నుంచి అంత దూరంలో బండి ఉండాలి. వంక ఆరడుగుల లోతుంటే అంచుకి ఆరడుగులు ఇవతలే మళ్ళాలి. ఎందుకంటే ట్రాక్టరు బరువుకి మన్ను అంచు నుంచి ఏటవాలుగా విరిగి జారుతుంది. వాన పడిన మరునాడు ఆ దూరం ఇంకా పెంచాలి. పాడుబావి చాలా లోతుంటుంది గనక దాని దరిదాపుల్లో ట్రాక్టరుతో దున్నకుండా వదిలేయడమే మంచిది. ఆ నాలుగు సాళ్ళలో పండే రాగులు ఒక మనిషి విలువ చేయవు.

వెనక్కి తిరగబడడం

పక్కకి పడడం కంటే భయంకరమైనది ముందు చక్రాలు గాలిలోకి లేచి బండి వెనక్కి తిరగబడడం. తోలేవాడు సీటుకీ స్టీరింగుకీ మధ్య, నేలకీ బండికీ మధ్య చిక్కుకుంటాడు. ముందు చక్రాలు లేవడం మొదలైన తర్వాత ముక్కాలు సెకండు గడిస్తే ఇక బండిని ఆపడం ఎవరి తరమూ కాదు. ఇది ప్రమాదమని మనసుకి తోచి, కాలు క్లచ్చి మీదికి పోయేలోపల ఆ సమయం కాస్తా అయిపోతుంది.

ఇది ఎందుకు జరుగుతుంది? ఇంజను వెనక ఇరుసుని తిప్పుతుంది. చక్రం తిరిగితే బండి ముందుకి పోతుంది. చక్రం తిరగలేకపోతే ఆ బలం ఊరుకోదు. చక్రం కదలదు గనక ఇరుసు చుట్టూ బండే తిరుగుతుంది, అంటే ముందు భాగం పైకి లేస్తుంది. చెరువు కింద మడిలో దిగబడిన ట్రాక్టరుని బయటికి తీయడానికి వెనక చక్రాలకి దుంగ కట్టి ముందుకి తోలడం మన ఊర్లలో చూస్తుంటాం. చావుని గొలుసేసి కట్టుకోవడమే అది. దిగబడితే చక్రాల ముందూ వెనకా బురద తవ్వి, వెనక్కి రావడానికి చూడండి. రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించండి.

రెండో కారణం, కట్టే చోటు. లాగే గొలుసుగాని, ట్రైలరు కొక్కెంగాని వెనక ఇరుసు కంటే ఎత్తులో తగిలిస్తే ఆ బరువే బండిని వెనక్కి పడేస్తుంది. చెట్టు మొద్దు పీకాలన్నా, రాయి లాగాలన్నా కింద ఉన్న డ్రాబారుకే తగిలించాలి. పైనున్న టాప్‌లింకు పిన్నుకి ఎన్నడూ కట్టరాదు.

1917లో అమెరికాలో వచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టర్లు ఈ తిరగబడే గుణంతోనే పేరు చెడగొట్టుకున్నాయి. మడక నేలలో రాయికి తగిలి ఆగితే బండి వెనక్కి లేచేది. ఐర్లండుకి చెందిన హారీ ఫెర్గూసన్ అనే ఇంజనీరు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. మడకని వెనక లాగకుండా మూడు కడ్డీలతో బండికే తగిలించాడు. మడక దేనికన్నా తట్టుకుంటే పై కడ్డీ ముందుకి తోసి, ముందు చక్రాలని నేలకి అదిమి పడుతుంది. 1939లో ఫోర్డు కంపెనీ తెచ్చిన 9ఎన్ ట్రాక్టరుతో ఇది లోకమంతా పాకింది. ఇవాళ మన కల్టివేటరు తగిలించే మూడు కడ్డీలు అవే. అంటే ఆ మూడు కడ్డీలూ మడక ఎత్తడానికి మాత్రమే కాదు, మనిషిని కాపాడ్డానికి కూడా. పై కడ్డీ పిన్ను పోయిందని తీగ ముక్కో, వంకర బోల్టో పెట్టి నడిపేవాళ్ళు ఈ మాట ఆలోచించాలి.

గుట్ట ఎక్కేటప్పుడు బరువైన పనిముట్టు వెనక ఉంటే ముందు భాగం తేలికవుతుంది. స్టీరింగు తేలిగ్గా తిరుగుతోందంటే సంతోషించకండి, ముందు చక్రాలు నేలని వదలబోతున్నాయని అర్థం. బంపరుకి బరువులు తగిలించుకోవాలి. మరీ నిటారుగా ఉన్నచోట వెనక్కి ఎక్కించి ముందుకి దించుకోవాలి. క్లచ్చిని దబీమని వదలకూడదు.

తిరిగే ఇరుసు, జారే కొంగు

ట్రాక్టరు వెనక పీటీవో అనే ఇరుసు మొన ఉంటుంది. రోటవేటరుకీ, చెనిక్కాయల యంత్రానికీ, రాగులు కొట్టే యంత్రానికీ బలం అందించేది అదే. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకండుకి తొమ్మిది. లెక్క వేసి చూడండి. మూడంగుళాల మందం ఉన్న ఇరుసు ఒక చుట్టుకి దాదాపు 24 సెంటీమీటర్ల గుడ్డని చుట్టుకుంటుంది. సెకండుకి రెండు మీటర్ల పైమాట. ఐదున్నర మీటర్ల చీర మొత్తం రెండున్నర సెకండ్లలో దానికి చుట్టుకుపోతుంది. అయ్యో అని అరిచేలోపలే అయిపోతుంది.

కళ్ళంలో పనిచేసే ఆడవాళ్ళ కొంగులు, మగవాళ్ళ పంచెలు, భుజాల మీది తువ్వాళ్ళు, జడలు, ఇవన్నీ దానికి ఆహారమే. ఇరుసు మీద ప్లాస్టిక్కు తొడుగు ఇచ్చేది అందుకే. విరిగిపోయిందని తీసి పారేస్తే కొత్తది కొనండి. తిరుగుతున్న ఇరుసు మీదుగా దాటకూడదు. ఇరుక్కున్న గడ్డి లాగాలంటే పీటీవో వదిలి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని దిగాలి. కళ్ళంలో యంత్రాల వల్ల చేతులు పోగొట్టుకున్నవాళ్ళ గోడు పార్లమెంటు దాకా పోబట్టే 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం వచ్చింది. చట్టం ఢిల్లీలో ఉంటుంది, యంత్రం మన కళ్ళంలో ఉంటుంది. కొంగు బిగించి దోపుకోమ్మా అని చెప్పాల్సింది పక్కనున్న మనమే.

రోడ్డు మీద

పడమటి మండలాల్లో ట్రాక్టరు సగం పని పొలంలో, సగం పని రోడ్డు మీద. టమోటా కోతలప్పుడు మదనపల్లె మార్కెట్టుకి పోయే దారులు చూస్తే తెలుస్తుంది. 2023 జూలైలో మాదిరి ధర ఆకాశానికెక్కిన రోజుల్లో వేలానికి ముందే మండీ చేరాలని అందరికీ ఆత్రమే. క్రేటుకి పాతిక కిలోలు అనుకున్నా 150 క్రేట్లంటే మూడుముప్పాతిక టన్నులు. ముందున్న ట్రాక్టరు రెండు టన్నులు. అంటే వెనకున్న బరువు ముందున్న బండికి దాదాపు రెండింతలు, ట్రైలరు సొంత బరువు ఇంకా అదనం. ఆ ట్రైలరుకి చాలాచోట్ల బ్రేకులే ఉండవు. ట్రాక్టరు ఆగినా ట్రైలరు ఆగదు, ముందుకి తోసుకొచ్చి ట్రాక్టరుని రోడ్డుకి అడ్డంగా తిప్పేస్తుంది.

కాబట్టి కనుమ దిగేటప్పుడు, మొగిలి కనుమైనా భాకరాపేట కనుమైనా, ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. దిగడం మొదలుకాక ముందే గేరు మార్చుకోవాలి, నడుమ మార్చకూడదు. డీజిలు మిగులుతుందని న్యూట్రలులో వదిలితే ఇంజను పట్టు పోతుంది, బ్రేకులు కాలిపోతాయి, ఆ తర్వాత బండి ఆగేది లోయలోనే.

ఇంకొకటి, చాలామందికి తెలిసీ చేయని పని. ట్రాక్టరుకి బ్రేకు పెడలులు రెండు, కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. పొలంలో సాలు చివర చటుక్కున మళ్ళడానికి ఈ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం వేయాలి. వేయకుండా రోడ్డు మీద వేగంగా పోతూ ఒక్క పెడలు తొక్కితే ఒక చక్రం ఆగి, రెండోది పరిగెత్తి బండి గిర్రున తిరిగి బోర్లా పడుతుంది. కొక్కెం వేయడానికి పట్టేది ఒక్క సెకండు. రెండు బ్రేకులూ సమానంగా పడుతున్నాయా అని అప్పుడప్పుడూ ఖాళీ స్థలంలో పరీక్ష చేసుకోవాలి.

రాత్రి పూట వెనక లైటు లేని ట్రైలరు రోడ్డు మీద ఆగి ఉంటే అది గోడే. వెనకనుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడికి అది కనబడేసరికి ఆలస్యమైపోతుంది. 1960ల మొదట్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్ళు నిదానంగా పోయే బండ్ల వెనక తగిలించే మెరిసే త్రికోణాన్ని తయారు చేశారు. దూరాన్నించే ఇది నిదానపు బండి అని తెలిసిపోతుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. కొన్ని రూపాయల ఎర్ర మెరుపు టేపు ట్రైలరు వెనకా పక్కలా అంటిస్తే చాలు. కుప్పం, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం అంచు దారుల్లో ఏనుగుల భయం కూడా ఉంది గనక అక్కడ చీకటి పడ్డాక ట్రాక్టరు ప్రయాణం మానుకోవడమే తెలివి.

ఎవరు తోలాలి, ఎవరు ఎక్కాలి

ట్రాక్టరుకి సీటు ఒక్కటే. దాని అర్థం ఒక్కరే ఎక్కాలని. మడ్‌గార్డు సీటు కాదు. పెద్ద చక్రం పక్కన కూర్చున్న చిన్నపిల్లవాడు ఒక్క కుదుపుకి జారితే పడేది ఆ చక్రం ముందే. తాత ఒళ్ళో కూర్చోబెట్టుకొని మనవడికి స్టీరింగు ఇవ్వడం ముద్దుగానే ఉంటుంది. ముద్దుకి వేరే చోట్లు ఉన్నాయి.

ట్రైలరు సరుకు కోసం. కాని మన దగ్గర కోతలకి పోయే కూలీలు, పెళ్ళికి పోయే బంధువులు, తిరణాళ్ళకి పోయే భక్తులు అందరూ అందులోనే. ట్రైలరులో మనుషుల్ని ఎక్కించుకోవడానికి చట్టం ఒప్పదు. ప్రమాదం జరిగితే వ్యవసాయపు ట్రాక్టరు ఇన్సూరెన్సు ట్రైలరులో ఉన్నవాళ్ళకి వర్తించదని కంపెనీలు కోర్టుల్లో వాదిస్తాయి, చాలా కేసుల్లో ఆ భారం బండి యజమాని మీదే పడింది. అంటే కూలి తల్లి ప్రాణమూ పోతుంది, రైతు పొలమూ పోతుంది. రోజు కూలికి పోయే ఆ ఆడవాళ్ళు ఎవరో కాదు, మనలో చాలామంది అమ్మలూ అక్కలే. వాళ్ళ రాకపోకలకి ఆటోనో వ్యానో మాట్లాడి ఖర్చు కూలి ఖర్చులో కలుపుకోవడం రైతుకి భారం కావచ్చు గాని, ఆ భారానికి ఒక లెక్క ఉంది. రెండోదానికి లెక్క లేదు.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టరు తోలాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి, లైసెన్సు ఉండాలి. 2019 సవరణ దీన్ని ఇంకా బిగించింది. మైనరు బండి తోలి నేరం జరిగితే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. పదో తరగతి తమ్ముడి చేతికి తాళంచెవి ఇచ్చేముందు ఇంట్లో పెద్దవాళ్ళకి ఈ మాట చెప్పండి. తాగి తోలకూడదని వేరే చెప్పాలా? గంట లెక్కన బాడుగకి పోయే డ్రైవరుకి రాత్రంతా పని చెప్పి తెల్లారి మళ్ళీ పంపడం కూడా తాగించి పంపడం లాంటిదే. నిద్ర కూడా మత్తే.

ప్రాణం కాపాడే చట్రం

స్వీడన్ దేశం 1959లో ఒక నియమం పెట్టింది. కొత్తగా అమ్మే ప్రతి ట్రాక్టరు మీదా, అది బోర్లా పడినా తోలేవాణ్ణి నలగనీయని ఉక్కు చట్రం ఉండాలని. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ ట్రాక్టరు తిరగబడి చనిపోవడమనేది దాదాపు కనబడకుండా పోయింది. అమెరికాలో 1976 నుంచి కూలికి మనుషుల్ని పెట్టి తోలించే కొత్త ట్రాక్టర్లకి దీన్ని తప్పనిసరి చేశారు. మన పొలాల్లో తిరిగే బండ్లలో చాలావాటికి ఈ చట్రం లేదు. ఎండకి వేయించుకునే ఇనుప పందిరి వేరు, ఇది వేరు. వెల్డింగు షాపులో సన్న గొట్టాలతో చేసిన పందిరి బండి బరువుకి అగ్గిపెట్టెలా అణిగిపోతుంది. కొత్త బండి కొనేటప్పుడు కంపెనీ పరీక్షించి ఇచ్చే చట్రం ఉందా అని అడగండి. మ్యూజిక్కు సిస్టముకి పెట్టే డబ్బు దీనికి పెట్టవచ్చు. చట్రం ఉంటే సీటు బెల్టు తప్పక పెట్టుకోవాలి, అప్పుడే మనిషి చట్రం నీడలో ఉంటాడు. చట్రం లేని బండిలో మాత్రం బెల్టు కట్టుకోకూడదు.

ఉదయం పది నిమిషాలు

బండిని కాపాడుకోవడం, మనిషిని కాపాడుకోవడం రెండు పనులు కావు. అరిగిన బ్రేకు, వదులైన స్టీరింగు, బోడి టైరు ముందు డబ్బు తింటాయి, తర్వాత మనిషిని తింటాయి. రోజూ స్టార్టు చేయకముందు పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

చదునైన చోట బండి పెట్టి, ఇంజను చల్లగా ఉన్నప్పుడే ఆయిలు పుల్ల తీసి చూడాలి. రెండు గీతల నడుమ ఉండాలి. రేడియేటరులో నీళ్ళు కూడా చల్లగా ఉన్నప్పుడే చూడాలి. వేడి మీద మూత తీస్తే పైకి చిమ్మే ఆవిరి ముఖం కాలుస్తుంది. ఫ్యాను బెల్టుని బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగాలి, అంతకంటే దిగితే వదులు. బ్యాటరీలో పలకలు మునిగే దాకా డిస్టిల్డు వాటరే పోయాలి, బోరు నీళ్ళు కాదు. క్లచ్చి పెడలు పైభాగంలో ఒక అంగుళం దాకా ఖాళీగా ఆడాలి. ఖాళీ లేకపోతే క్లచ్చి ప్లేటు కాలిపోతుంది. తోలేటప్పుడు కాలు ఊరికే క్లచ్చి మీద పెట్టుకునే అలవాటుకీ అదే ఫలితం.

మన నేలకి అన్నిటికంటే ముఖ్యం గాలి శుభ్రం చేసే డబ్బా, ఎయిర్ క్లీనరు. వేసవి దుక్కుల్లో లేచే ఎర్రదుమ్ము అంతా సన్నని ఇసకే. ఇంజను లోపలికి పోయిందంటే ఆకురాయి పెట్టి రాసినట్టు పిస్టన్లనీ లైనర్లనీ అరగదీస్తుంది. పాత రకం బండ్లలో గాలి ఆయిలు గిన్నె మీదుగా పోతుంది, దుమ్ము ఆయిల్లో దిగిపోతుంది. దుక్కుల కాలంలో ఆ గిన్నె రోజూ చూడాలి. అడుగున మడ్డి పేరుకుంటే కడిగి కొత్త ఆయిలు గీత వరకే పోయాలి. ఎక్కువ పోస్తే ఇంజను దాన్ని పీల్చుకొని అదుపు తప్పి పరిగెత్తగలదు.

డీజిలు సాయంత్రమే నింపాలి. రాత్రి చల్లదనానికి ఖాళీ టాంకులోని తేమ నీళ్ళై కిందికి దిగుతుంది, ఆ నీళ్ళు పంపునీ నాజిళ్ళనీ పాడుచేస్తాయి. టాంకు అడుగంటనిస్తే పైపుల్లో గాలి దూరి బండి మొరాయిస్తుంది, గాలి తీసే పని నడిపొలంలో పడుతుంది. ఇంజను ఆయిలు, ఫిల్టర్లు మార్చడానికి గంటల మీటరే గడియారం. ఎన్ని గంటలకి మార్చాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, ఆ పుస్తకాన్ని దేవుడి పటం వెనక దాచకుండా చదవాలి. చదువుకున్న కొడుకు, కూతురు ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం ఉపయోగం ఉండాలి గదా! ఆయిలు మార్చిన తేదీ, మీటరు అంకె ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి.

టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక వెనక చక్రంలో తక్కువైతే బండి ముందే ఒరిగి ఉన్నట్టు లెక్క. పట్టు కోసం వెనక టైర్లలో ముప్పాతిక వంతు నీళ్ళు నింపే పద్ధతి మంచిదే, బరువు కిందికి దిగి నిలకడ పెరుగుతుంది. రెండింటిలోనూ సమానంగా నింపాలి.

సెల్ఫు పనిచేయలేదని కింద నిలబడి స్క్రూడ్రైవరు పెట్టి మోటారు తగిలించి స్టార్టు చేసే అలవాటు ఒకటుంది. బండి గేరులో ఉంటే స్టార్టయిన మరుక్షణం నిలబడ్డవాడి మీదుగానే పోతుంది. స్టార్టు చేసేది సీటులో కూర్చొనే, న్యూట్రలు చూసుకొనే. ఎత్తి ఉంచిన కల్టివేటరు కింద దూరి బోల్టు బిగించకూడదు. హైడ్రాలిక్కు ఒక్క వాషరు పోతే చాలు, అది దిగిపోతుంది. దిగే ముందు మడకని నేలకి దించి, బ్రేకు వేసి, ఇంజను ఆపి దిగాలి.

ఇంత చేసినా ప్రమాదం జరగవచ్చు. బండి బోర్లా పడితే ముందు ఇంజను ఆపండి. కారిన డీజిలు దగ్గర బీడీ వెలిగించనీయకండి. కింద చిక్కినవాణ్ణి చేతులు పట్టి ఈడ్వకుండా బండి ఇంకా జారకుండా రాళ్ళు పెట్టి, 108కి ఫోను చేసి, ఇంకో ట్రాక్టరునో జేసీబీనో పిలిపించండి.

మిత్రులారా, మన ఊర్లలో ట్రాక్టరు కొన్నరోజు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, పసుపు కుంకుమలు పెడతారు. అది పెద్దల నమ్మకం, దాన్ని కాదనేది లేదు. ఆ పూజ ముగిశాక చదువుకున్న మనం ఇంకో మూడు పనులు చేయవచ్చు. రెండు బ్రేకులనీ కలిపే కొక్కెం ఎక్కడుందో తమ్ముడికి చూపించడం, ట్రైలరు వెనక ఎర్రటేపు అంటించడం, మడ్‌గార్డు మీది పిల్లవాణ్ణి కిందికి దించడం. ఈ మూడింటికీ కలిపి అరగంట పట్టదు. రాబోయే సంక్రాంతి సెలవుల్లో ఆ అరగంట మీ ఇంటి బండికి ఇవ్వండి.